స్ప్రింగుఫీల్డు వకీలు



అబ్రహాం లింకన్ అనగానే బానిసత్వనిర్మూలనము స్ఫురించును. అధ్యక్షుడు కాకమునుపు ఆయన రమారమి పాతికేండ్లు ఇల్లినాయి రాష్ట్రమున శాంగమన్ జిల్లాలో వకీలు. అక్కడి స్ప్రింగుఫీల్డు పట్టణమునకు ఆయన చేసిన మేలు పలువు రెరుగరు.

ఆయన బడిచదువు అంతయు కలిపినను ఒక యేడు నిండదు. న్యూసేలం గ్రామమున అంగడి పెట్టి అప్పులపాలయ్యెను. పిదప భూమి కొలుచు కొలువు దొరకగా, పుస్తకములు ముందిడుకొని కొలతశాస్త్రము తానే నేర్చి, గొలుసు పట్టి పొలములకు హద్దులు వేసెను. ఆ కష్టము గొలుసు లాగినవారికే తెలియును. అప్పులవారు ఆ పనిముట్లను సైతము వేలము వేయించిరి. మిత్రు డొకడు పాడి, తిరిగి ఆయన కిచ్చెను. న్యాయశాస్త్రమును కూడ ఎరువు తెచ్చిన గ్రంథములతోనే చదివి 1836లో పట్టా పొందెను.

అప్పటి రాజధాని వండేలియా. శాసనసభలో శాంగమన్ ప్రతినిధులు తొమ్మండుగురు. ఒక్కడును ఆరడుగులకు తగ్గడని ప్రతీతి. అందుచే ‘పొడుగు తొమ్మండుగురు’ అనిరి. వారిలో లింకన్ ముఖ్యుడు. 1837 ఫిబ్రవరి 28న రాజధాని స్ప్రింగుఫీల్డునకు మారునట్లు వారు నెగ్గించుకొనిరి. ఇతర జిల్లాల కాలువలకును, రైలుదారులకును మద్దతిచ్చి వోట్లు కూర్చుకొనిరని నింద కలదు. ఆ పనులవలన రాష్ట్రము అప్పులలో మునిగినమాట మాత్రము నిజము.

రాజధాని ఊరక రాలేదు. భవనమునకు పట్టణవాసులు 50,000 డాలర్లు చెల్లింపవలెనని షరతు. ఊరి జనము రెండువేలకు లోపు. ఆ యేడే దేశమంతట బ్యాంకులు తలక్రిందులై రొక్కము కరవయ్యెను. చివరి వాయిదాకు 1838లో నూటొక్కరు పౌరులు బ్యాంకునకు ఉమ్మడి నోటు వ్రాసి యిచ్చిరి. అందు లింకన్ చేవ్రాలు కలదు. ముందటి యేడు ఏప్రిలులో ఎరువు గుర్రముపై రెండు సంచులతో ఊరు చేరినవాడు. పరుపునకు 17 డాలర్లు లేక స్పీడ్ అను వర్తకుని గదిలో తలదాచుకొనినవాడు. తన అంగడి బాకీయే ఇంకను తీరనివాడు! అట్టివాడు ఊరి బాకీకి పూచీపడెను.

1839లో రాజధాని తరలివచ్చెను. ఉన్నత న్యాయస్థానము ఊరిలోనికే వచ్చుటచే వకీళ్లకు గొప్ప మేలు కలిగెను. లింకన్‌కును కలిగెననుట దాచవలసినది కాదు. అయినను ఏటేట వసంతమునను, శరత్తునను గుర్రమెక్కి ఊరూర కోర్టులు తిరుగుట మానలేదు.

ఇంట చీలిక కలిగినచో ఇల్లు నిలువదను ప్రసిద్ధోపన్యాసమును 1858 జూన్ 16న ఆ రాజధానీభవనమందే చేసెను. 1861 ఫిబ్రవరిలో ఊరు విడుచునపుడు, కచేరి బోర్డు తీయవద్దనియు, బ్రతికియున్నచో తిరిగివచ్చి వకాల్తా సాగింతు ననియు భాగస్వామి హెర్న్‌డన్‌తో చెప్పెనట. 1865 మేలో ఆయన శవము వచ్చెను. తానుపన్యసించిన సభాశాలయందే దానిని ఉంచిరి. ఊరివారు, పొరుగూళ్లవారు రాత్రియంతయు వరుసలు కట్టి చూచిపోయిరి. మరునాడు, మే 4న, ఊరిచెంత ఓక్‌రిడ్జి శ్మశానమున సమాధి చేసిరి.