అడ్డుగోడ వేరు, అండ వేరు

(బిలాస్‌పూర్, వ్యాపార్ విహార్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు నేలకు ఉత్తరాన ఉన్న ఈ ఛత్తీస్‌గఢ్‌కు మన పెద్దలలో పలువురు రైలు పట్టాల వెంట పనికై వచ్చి స్థిరపడినవారే. 1891లో బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గం నాగపూర్ నుండి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ చేరినది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయినది. 1933లో విశాఖ రేవు నౌకలకు తెరువబడినది. నాలుగు వైపులా భూమియే హద్దుగా గల ఈ ప్రాంతపు సరకుకు ఆ విధంగా సముద్రం దగ్గరైనది. కనుక వర్తకపు అడ్డంకులను గురించి మాట్లాడు హక్కు వర్తకునికి ఎంత ఉన్నదో, ఆ దారిని వేసి నడిపిన కార్మికునికీ అంతే ఉన్నది.

మనం కూడిన ఈ వ్యాపార్ విహార్ టోకు వర్తకానికి పేరుపొందిన చోటు. దేశంలోపలి వర్తకానికి గల అడ్డంకులు తొలగిన ప్రాంతం బలపడునని ఇక్కడ ఎవరిని అడిగినను చెప్పుదురు. అది సత్యమే. కాని ఏది అడ్డుగోడ, ఏది అండ? ఈ రెండింటినీ వేరుచేయక అన్నింటినీ పడగొట్టినచో బలపడునది ప్రాంతమా, లేక పెద్ద పెట్టుబడిదారుడా? నేడు మనం విచారించవలసిన విషయం ఇదే.

చరిత్ర చెప్పే పాఠం

బ్రిటిష్ ప్రభుత్వం ఉప్పు పన్నును కాపాడుకొనుటకై సింధు నది నుండి మహానది వరకు సుమారు 2,300 మైళ్ళ పొడవున సుంకపు సరిహద్దును నిలిపినది. అందులో చాలా భాగం ముళ్ళ కంచె. కాపలాకు దాదాపు 12,000 మంది సిబ్బంది. పేదవాని కూటిలోని ఉప్పురాయికి కూడా ఆ కంచె అడ్డుపడినది. 1879లో దానిని ఎత్తివేసినారు.

తపాలా శాఖ చేసిన పని ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అంతకుముందు ఉత్తరానికి దూరాన్ని బట్టి రుసుము ఉండెడిది. 1854లో దూరంతో నిమిత్తం లేకుండా పావు తులం ఉత్తరానికి అర్ధణా రుసుము నిర్ణయమైనది. 1877లో వి.పి. పద్ధతి, 1880లో మనియార్డరు వచ్చినవి. మారుమూల గ్రామంలోని చిన్న వర్తకుడు కూడా దూరపు పట్టణం నుండి సరకు తెప్పించుకొని పైకం చెల్లించగలిగినాడు. అడ్డు తొలగించుట అనగా ఇదే: దారిని తెరచుట, ఆ దారిలో అందరికీ అందే సేవను నిలబెట్టుట. రెండవది లేనిచో మొదటిది కొందరికే ఉపయోగపడును.

తొలగిన అడ్డు

మన రాజ్యాంగం 301వ అధికరణం దేశమంతటా వర్తక వాణిజ్యాలు స్వేచ్ఛగా సాగవలెనని నిర్దేశించినది. అయినను పట్టణాల పొలిమేరలలో ఆక్ట్రాయి నాకాలు, రాష్ట్రాల ఎల్లల వద్ద చెక్‌పోస్టులు చిరకాలం నిలిచినవి. మధ్యప్రదేశ్ 1976లో ఆక్ట్రాయిని రద్దుచేసి దాని స్థానంలో ప్రవేశపు పన్నును తెచ్చినది. 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌లోనూ అది కొనసాగినది. 2017 జులై 1న వస్తుసేవల పన్ను వచ్చిన కొద్ది రోజులలోనే 22 రాష్ట్రాలు తమ చెక్‌పోస్టులను ఎత్తివేసినవి. లారీ డ్రైవరు ఎల్లల వద్ద గంటల తరబడి పడిగాపులు పడుట తగ్గినది. ఇది మేలే. మేలును మేలని చెప్పుటకు మనం సంకోచించనక్కరలేదు.

కంటికి కనబడని నష్టం

అయితే ఏ గేటూ లేకుండానే ఒక ప్రాంతం నష్టపోవచ్చును. భిలాయిలో 1959లో మొదటి ఊదుకొలిమి వెలిగినది. కాని 1950ల నుండి 1990ల ఆరంభం వరకు అమలులో ఉన్న రవాణా ఖర్చుల సమీకరణ విధానం వలన, భిలాయి ఉక్కు బొంబాయి, మద్రాసులలోను ఇక్కడి ధరకే లభించినది. గని పక్కన, కొలిమి పక్కన ఉన్నందున ఈ ప్రాంతానికి రావలసిన సహజమైన అనుకూలత పోయినది. పత్తికి మాత్రం అటువంటి సమీకరణ లేదు.

నేటి పన్ను విధానంలోనూ ఇటువంటి చిక్కు ఉన్నది. పూర్వం కేంద్ర అమ్మకపు పన్ను, చివరకు 2 శాతానికి తగ్గినను, సరకు పుట్టిన రాష్ట్రానికి దక్కెడిది. వస్తుసేవల పన్నులో రాష్ట్రపు వాటా వినియోగించు రాష్ట్రానికి చేరును. బొగ్గు, ఉక్కు, సిమెంటు పంపు ఛత్తీస్‌గఢ్‌కు మిగులునది ధూళి, అరిగిన రోడ్లు. రాష్ట్రాలకు ఇచ్చిన అయిదేళ్ళ నష్టపరిహార కాలం 2022 జూన్‌తో ముగిసినది. పాత పన్నులు తిరిగి రావలెనని మనం కోరుట లేదు. దారి తెరచినవారు, దారి పక్కన బ్రతుకువారి లెక్క కూడా చూడవలెనని కోరుచున్నాము.

అండను అడ్డుగా చూపరాదు

2020 సెప్టెంబరులో వచ్చిన వ్యవసాయ చట్టాలు మార్కెట్ యార్డు వెలుపల, పాన్ కార్డు గల ఎవరైనను, మార్కెట్ రుసుము లేకుండా కొనుటకు అనుమతించినవి. ఇది వర్తక స్వేచ్ఛయని చెప్పినారు. కాని లోపల రుసుము, వెలుపల రుసుము లేకపోవుట అనిన యార్డు క్రమంగా ఎండిపోవును. యార్డుతో పాటు బహిరంగ వేలం, సరియైన కాటా, చెల్లింపుకు జవాబుదారీ కూడా పోవును. వరి పండించు ఈ ప్రాంతపు రైతుకు సహకార సంఘం కొనుగోలు, కనీస మద్దతు ధర అడ్డుగోడలు కావు, అండ. 2020 నవంబరు 26న కేంద్ర కార్మిక సంఘాలు సమ్మె చేసినపుడు రైతుల పక్షాన నిలిచినది ఇందుకే. 2021 నవంబరులో పార్లమెంటు ఆ చట్టాలను రద్దుచేసినది.

మన శాఖలలోని ఉదాహరణ కూడా చూడుడు. 2022లో బొగ్గు రేకులకు దారి ఇచ్చుటకై ఈ జోనులో అనేక ప్యాసింజరు బండ్లను రద్దుచేసినారు. కూరగాయల గంపతో పట్టణానికి వచ్చు స్త్రీకి, చిల్లర వర్తకునికి ప్యాసింజరు బండియే వాణిజ్య మార్గం. పెద్ద సరకుకు దారి తెరచి, చిన్న సరకుకు మూసివేయుట అడ్డంకిని తొలగించుట కాదు, దానిని పేదవాని మీదికి జరుపుట మాత్రమే.

మన కోర్కెలు

కావున మనం నాలుగు విషయములను కోరవలెను. ఖనిజ, పారిశ్రామిక సరకు ఉత్పత్తి చేయు రాష్ట్రాలకు న్యాయమైన ఆదాయ వాటా ఇవ్వవలెను. యార్డులను, మద్దతు ధర కొనుగోలును బలపరచవలెను. సరకు రవాణా పేరున ప్యాసింజరు బండ్లను బలిచేయక, మార్గాల సామర్థ్యాన్ని పెంచి తగిన సిబ్బందిని నియమించవలెను. గూడ్సు షెడ్డు హమాలీకి, గ్రామీణ డాక్ సేవకునికి భద్రతగల పని కల్పించవలెను, ఏలయనగా తెరచిన దారిలో సరకును మోయునది, ఉత్తరమును చేర్చునది వారే.

అడ్డుగోడలను పడగొట్టు పనిలో మనం ముందుండుదము. అండలను కాపాడు పనిలో అంతకన్న ముందుండుదము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!