కథ మనది, మొహం ఎవరిది?

(ఎర్రగడ్డ బస్తీ మీటింగులో మాట్లాడిన మాటలకు రాతరూపం)



కూలిరేట్లు, ఇళ్ల పట్టాలు, అట్రాసిటీ కేసులు మాట్లాడే చోట సినిమాల ముచ్చటేందని కొందరు పెద్దోళ్లు అడిగారు. అడగాల్సిందే. అయితే మీటింగుకు ముందు టీ బండి దగ్గర మన పిల్లగాళ్లు మాట్లాడుకున్నది మేం విన్నాం. ఏ సినిమా ఏ భాషలోంచి తెచ్చారు, ఆ వేషానికి ఎవడు సరిపోయాడు, ఎవణ్ణి పెట్టి చెడగొట్టారు, అంతా ఇదే. మనోళ్లు రోజుకూలిలోంచి తీసి టికెట్ కొంటున్నారు. పైసలిచ్చి కొన్న వంకాయ పుచ్చో మంచిదో చూసుకుంటాం కదా, సినిమాను మాత్రం ఎందుకు చూసుకోకూడదు?

ఇంకో మాట కూడా పెద్దోళ్లకు గుర్తుచేస్తున్నాం. గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. ఆ తగువు ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో. చదువుకున్న మన పిల్లగాడి కాలు ముందు కూచున్న రెడ్డి పిల్లగాడికి తగిలింది. అంతే. అక్కణ్ణుంచి గొడవ, వెలి, చివరికి పోలీసులు వూళ్లో వుండగానే పొలాల్లో తరిమి తరిమి నరకడం. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఒకే తెర ముందు ఒకే వరసలో కూచోవడానికి మన జనం ఇంత ఇచ్చుకున్నారు. అందుకని సినిమా ఉత్త కాలక్షేపమనే మాట మేం ఒప్పుకోం.

తెలుగు సినిమాకు మన ఎర్రగడ్డ ఎట్లా తెలుసో చూడండి. రాయలసీమ నుంచి వచ్చినోళ్లకు ఎర్రగడ్డ అంటే ఉల్లిగడ్డ. సినిమా వాళ్లకు మాత్రం పిచ్చాసుపత్రి. కమెడియన్ ‘ఎర్రగడ్డకు పంపండి’ అనగానే హాలంతా నవ్వుతుంది. ఇక్కడ ఛాతీ ఆసుపత్రి వుంది, రైతుబజారు వుంది, ఆదివారం అంగడి వుంది. ఆ అంగట్లో పాత సామాను అమ్ముకుని బతికే మనోళ్లున్నారు. వాళ్లలో ఒక్కడూ తెరమీదికి రాడు. సరే, ఇది చిన్న సంగతి, వదిలేద్దాం.

ఇక్కడ మెట్రో ఎక్కితే మూడో స్టేషను అమీర్‌పేట. అక్కడ సారథి స్టూడియో వుంది. పూర్తిగా హైదరాబాదులోనే తీసిన మొదటి తెలుగు సినిమా ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో అక్కణ్ణుంచే వచ్చింది. ఆ సారథి పేరు ఇంకా పాతది. మద్రాసులో గూడవల్లి రామబ్రహ్మం, చల్లపల్లి జమీందారు డబ్బుతో నడిపిన సారథి ఫిలింస్ 1938లో ‘మాలపిల్ల’ తీసింది. కథ చలం రాశాడు. వూరి పూజారి కొడుకు మాలపిల్లను ప్రేమిస్తాడు. గుడిప్రవేశం గురించి, చెరువు నీళ్ల గురించి ఆ రోజుల్లో తెరమీద అంత మాట చెప్పడం చిన్న పని కాదు. మేం ఆ సినిమాను తీసిపారెయ్యం. (మరుసటేడు అదే జమీందారు డబ్బుతో జమీందార్ల మీదే ‘రైతుబిడ్డ’ తీశారు. అదో చిత్రం.) కానీ మాలపిల్ల వేషం ఎవరు వేశారు? కాంచనమాల. ఆ రోజుల్లో అందానికి పెట్టింది పేరు. పేరేమో మాలపిల్ల, గోడమీద బొమ్మేమో మాలవాడ ఎరగని మొహం. ఎనభై ఏళ్లు దాటిపోయినా ఆ పద్ధతి అక్కడే వుందని మా బాధ.

ఇప్పుడు రీమేకుల దగ్గరికి వద్దాం. ‘నారప్ప’ చూడనివాళ్లు ఈ మీటింగులో తక్కువ. 2019లో తమిళంలో వెట్రిమారన్ తీసిన ‘అసురన్’ అది. పూమణి రాసిన ‘వెక్కై’ నవల దానికి మూలం. 2021లో శ్రీకాంత్ అడ్డాల తెలుగులో తీస్తే వెంకటేష్ వేశాడు. ధనుష్ చేసిన వేషం ఈయనకెందుకని పిల్లగాళ్లు గొణిగారు. మేం ఆ మాట అనం. వెంకటేష్ ఒళ్లొంచి చేశాడు. వంగిన నడుం, బెదురు చూపు, కొడుకు కోసం కాళ్లు పట్టుకోవడం, తన హీరోతనాన్ని చాలాసేపు పక్కనబెట్టాడు. చెప్పులు తొడుక్కుని నడిచినందుకు ఆడపిల్లను అవమానించే ఘట్టం తెలుగులోనూ వుంచారు. ఆ పిల్ల వేషం రెండు భాషల్లోనూ అమ్ము అభిరామే వేసింది. ఆ సీను చూసి మా వెనక కూచున్న ముసలమ్మ ‘మా అత్తకు ఇట్లనే అయింది బిడ్డా’ అంది.

మరి మా పేచీ ఏంటి? తమిళ కథ వెనక రెండు నిజాలున్నాయి. ఒకటి పంచమి భూములు. 1892లో తెల్లదొరల ప్రభుత్వం మద్రాసు రాజధానిలో దళితులకని పక్కనబెట్టిన భూములవి, తర్వాత్తర్వాత ఎక్కువభాగం చేతులు మారిపోయాయి. రెండోది కీళ్‌వెణ్మణి. తంజావూరు జిల్లాలో 1968 డిసెంబర్ 25న 44 మందిని గుడిసెలో పెట్టి కాల్చేశారు. ఆ మంట తెచ్చి అనంతపురం కథలో పెట్టారు. ఇప్పుడు వినండి. నారప్ప తీసినవాళ్లలో సురేష్ ప్రొడక్షన్స్ ఒకటి. ఆ సంస్థ పెట్టిన రామానాయుడు పుట్టిన వూరు కారంచేడు. 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపిన కారంచేడే. తాగే నీళ్లను గేదెల కుడితితో పాడుచెయ్యొద్దని మన ఆడబిడ్డ బిందె ఎత్తి ఎదురు తిరిగిన కారంచేడే. ఒక వూళ్లో పుట్టినందుకు ఎవరికీ నేరం అంటగట్టం, అది మన న్యాయం కాదు. మేం అడిగేది వేరు. ఇంటి పక్కన ఇంత పెద్ద కథ వుండగా తంజావూరు మంట అరువు తెచ్చుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది? పరాయి వూరి కథైతే చూసేవాడు ‘ఎక్కడో అట్ల జరిగిందట’ అనుకుని ఇంటికి పోతాడు. కారంచేడు అని పేరు పెడితే మా వూరి మీద తీశారని తగువుకొస్తాడు. రీమేకులో ఈ సుఖం వుంది. మన దగ్గర కూడా 1977 నాటి అసైన్డు భూముల చట్టం వుంది, చేతులు మారిన ఎకరాలున్నాయి. ఆ సంగతి తెరమీద మీకు ఎంత గట్టిగా వినపడిందో మీరే చెప్పండి.

నారప్పలో కథన్నా మిగిలింది. హిందీలో ‘సైరాట్’కు పట్టిన గతి ఇంకా అన్యాయం. 2016లో నాగరాజ్ మంజుళే మరాఠీలో తీశాడు, ఆయన మనవాడు. చేపలు పట్టే ఇంటి పిల్లగాడు, పాటిల్ బిడ్డ. ఆ బిడ్డగా వేసిన రింకూ రాజ్‌గురు అప్పటికి బడికి పోతున్న పిల్ల. కొత్త మొహాలు, ఎండకు కమిలిన మొహాలు. 2018 జూలైలో అదే ‘ధడక్’ అని వచ్చింది. వూరు ఉదయపూర్ అయింది, పిల్లేమో శ్రీదేవి బిడ్డ జాన్వీ అయింది. కులం ఎక్కడికి పోయింది? డబ్బు, పరువు, ఎన్నికల తగువు అడ్డం పెట్టుకుని సందులోకి జారుకుంది. చివర కూడా మార్చారు. అక్కడ జంటను చంపి పసివాణ్ణి మిగిల్చారు, ఇక్కడ పసివాణ్ణీ తండ్రినీ చంపి పిల్లను మిగిల్చారు.

ఆ సినిమా వచ్చి రెండు నెలలు కాకముందే, సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో కడుపుతో వున్న భార్య కళ్లముందు మన పిల్లగాణ్ణి చంపించారు. తర్వాత ఐదు రోజులకు, 2018 సెప్టెంబర్ 19న, ఈ ఎర్రగడ్డ రోడ్డుమీద పట్టపగలు ఒక తండ్రి కొడవలితో సొంత బిడ్డమీద, వారం కింద ఆమెను పెళ్లి చేసుకున్న మన పిల్లగాడి మీద పడ్డాడు. ఆ రోజు కెమెరాలో పడింది దేశమంతా చూసింది. ఇద్దరూ బతికారు, అదే పదివేలు. ఇక్కడున్న చాలామందికి ఆ జాగా తెలుసు. ఆ కొడవలి కులం కోసం లేచింది. డబ్బు, పరువు అని చెప్పే సినిమావాళ్లను ఒకసారి తీసుకొచ్చి ఆ జాగాలో నిలబెట్టాలనిపిస్తుంది.

మరి మిర్యాలగూడను మన సినిమావాళ్లు ఏం చేశారు? 2020లో రాంగోపాల్ వర్మ ‘మర్డర్’ అని ప్రకటించాడు. బొమ్మ విడుదల చెయ్యడానికి ఆయనకు దొరికిన రోజు నాన్నల దినం! మొగుణ్ణి పోగొట్టుకున్న ఆ బిడ్డ కోర్టుకెక్కాల్సి వచ్చింది. సినిమా ఆగలేదు, ఆ డిసెంబర్లో వచ్చింది. మన కథ తెరకెక్కాలని మేం అడుగుతున్నాం, నిజమే. కానీ చంపించినవాడి ప్రేమ కొలవడానికి కాదు.

ఇక వేషాల సంగతి. ‘నటుడన్నాక ఏ వేషమైనా వెయ్యొచ్చు, కులం చూస్తారా?’ అని చదువుకున్న మిత్రులు అడుగుతారు. మంచి మాట. రెండువైపులా నడిస్తే ఇంకా మంచిది. మలయాళంలో మొదటి సినిమా ‘విగతకుమారన్’లో పి.కె. రోసీ అనే దళిత స్త్రీ నాయర్ ఇంటి పిల్ల వేషం వేసింది. తిరువనంతపురంలో ఆట పడగానే తెరమీద రాళ్లేశారు. ఆమెను వూళ్లోంచి తరిమేశారు. ఆమె ఇంక సినిమాల్లో కనపడలేదు. అప్పుడెవరూ నటికి కులమేంటని అడగలేదు.

తెలుగులో చూడండి. ‘లవ్ స్టోరీ’ (2021)లో నాగచైతన్య మన పిల్లగాడు. అదే ఏడు ‘ఉప్పెన’లో జాలరి పిల్లగాడు వైష్ణవ్ తేజ్. చేశారు, బాగానే చేశారు. పెద్దింటి కొడుకులకు మన వేషం ఒక మెట్టు. మెప్పు వస్తుంది, తర్వాత సినిమాలో కోటు తొడుక్కుంటారు. మన పిల్లగాడికి కోటు వేషం ఇచ్చారా ఎప్పుడన్నా? ‘పుష్ప’లో హీరోకు నలుపు పూశారు. హిందీలో మారి సెల్వరాజ్ ‘పరియేరుం పెరుమాళ్’ను 2025లో ‘ధడక్ 2’గా తీసినప్పుడూ అదే విమర్శ వచ్చింది. ఇన్ని కోట్ల నల్లమొహాలుండగా రంగు డబ్బా కొనుక్కునే ఖర్మేంటో మాకు అర్థం కాదు. 2020లో కరుణకుమార్ ‘పలాస 1978’ కొత్త కుర్రాడు రక్షిత్‌ను పెట్టి తీశాడు. తప్పులున్నాయి, రక్తం ఎక్కువైంది, అయినా ఆ మొహాలు వాడలో చూసిన మొహాలు. వాడల్లో అది ఎంతమంది చూశారు? చెయ్యెత్తండి. చూశారా, నారప్పకు లేచినన్ని చేతుల్లో సగం కూడా లేవలేదు.

మంచిగా చేసినదీ చెప్పాలి. ‘బలగం’ (2023)లో వేణు ఎల్దండి చివరి పాటకు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులనే కూచోబెట్టి పాడించాడు. బుడగజంగాల మనుషులు, తరాలుగా చావింటి ముందు కథ చెప్పినవాళ్లు. ఆ వేషానికి ఏ పెద్ద నటుణ్ణి పెట్టినా వూళ్లు అట్లా ఏడ్చేవి కావు. ఆ మొగిలయ్య 2024 డిసెంబర్లో చనిపోయాడు.

ఇంకో మొగులయ్య, దర్శనం మొగులయ్య, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి ఇంటి మనిషి. మలయాళంలో ‘అయ్యప్పనుం కోశియుం’ అని ఇద్దరి పేర్లతో వున్న కథ తెలుగులోకొచ్చి 2022లో ‘భీమ్లానాయక్’ అని ఒక్కడి పేరైంది. అది రీమేకుల గురించి చాలా చెబుతుంది. ఆ పాటకు ముందు కిన్నెరతో ఎత్తుకున్న గొంతు మొగులయ్యది. అదే ఏడు పద్మశ్రీ కూడా ఇచ్చారు. 2024లో ఆయన కూలిపనికి పోతున్నాడని వీడియోలు, పేపర్లు చూపించాయి. కిన్నెర గొంతుతో మొదలైన పాటకు హాళ్లలో ఈలలు మోగాయి, హీరో కటౌటుకు పాలు పోశారు.

అక్కడ యూసుఫ్‌గూడ పక్కన కృష్ణానగర్లో వేకువజామున నిలబడితే జనం వ్యాన్లెక్కడం కనపడుతుంది. వెనక నిలబడే గుంపు వేషాలకు పోయేవాళ్లు. మన ఆడవాళ్లు మమ్మల్ని కలిసి చెప్పిన మాట ఇది. ఒక షూటింగులో ‘వాడ జనం కావాలి’ అని పిలిచి, ఇంట్లోంచి తొడుక్కుపోయిన చెప్పులు విప్పించి, మంచి చీర మార్పించి మాసిన చీర కట్టించారు. ‘మేం నిజంగా వాడోళ్లమే సారూ, మేం చెప్పులు తొడుక్కుంటాం’ అంటే అక్కడున్న మేనేజరు నవ్వాడట.

కాబట్టి ఈ పక్షం మీకొక పని. మీ బస్తీలో, మీ వూళ్లో షూటింగులకు పోయినవాళ్లు ఎవరున్నారో అడగండి. ఏ వేషమిచ్చారు, ఏం కట్టించారు, రోజుకెంత చెప్పారు, చేతికెంత ఇచ్చారు, మధ్యలో మేస్త్రీ ఎంత తీసుకున్నాడు, రాసుకోండి. డప్పు కొట్టినవాళ్ల దగ్గర మరీ అడగండి. తెరమీద వాళ్ల పేరు పడిందో లేదో కనుక్కోండి. వచ్చే మీటింగుకు ఆ కాగితాలు తెస్తే ముందు అవే చదువుదాం. ఆ రోజు రాత్రి ‘పలాస’ కూడా వేద్దామని పిల్లగాళ్లు అంటున్నారు. తెర మేం తెస్తాం, కరెంటు సంగతి బస్తీ కమిటీవాళ్లు చూసుకోవాలి.