తొడుగు తీగెలు: వాని రకములు, వినియోగములు

(సంఘ భవనమున జరిగిన మాసిక సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ వేదికపై మీరు పద్యములు వినియుందురు, పురాణ ప్రసంగములు వినియుందురు. ఈనాడు కార్యదర్శిగారు నన్ను కరెంటు తీగెలను గూర్చి మాటలాడుమని కోరినారు. నేను ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవాడను, ఇంజనీరును కాను. కాని ఇరువదియేండ్లకు పైగా తీగెలు కొనుచు, అమ్ముచు, వానిని అమర్చు పనివారితో మెలగుచు తెలిసికొన్న సంగతులు కొన్ని కలవు. వానిని మీ ముందుంచుదును.

ఇందులకు ఒక కారణము కలదు. మన విద్యార్థి వసతిగృహమున తీగెలన్నియు మార్చవలెనా, మార్చినచో ఎట్టివి వేయవలెను అను ప్రశ్న రానున్న సర్వసభ్య సమావేశమున మీ తీర్పునకు వచ్చుచున్నది. విషయమెరిగి చేయెత్తుట వేరు, పక్కవాని చూచి చేయెత్తుట వేరు. ఆ పనికి కావలసిన సరుకును నా అంగడినుండి కొనరాదని కార్యవర్గమునకు ముందే వ్రాసి యిచ్చితిని. కావున నా మాటలను వర్తకుని మాటలుగా గాక, మన పిల్లలు నిద్రించు ఇంటిని గూర్చి ఆలోచించు ఒక సభ్యుని మాటలుగా వినుడని ప్రార్థన.

తీగె చుట్టపై ముద్రించిన అక్షరములు ఇంగ్లీషువి. మన ఇండ్లలో డబ్బు లెక్కపెట్టి యిచ్చు పెద్దలు తెలుగు చదువుదురు. ఇంగ్లీషు, కన్నడము చదివిన పిల్లలు అంగడికి రారు. అందువలన ఆ అక్షరముల భావమును తెలుగున చెప్పుట మన సంఘము చేయదగిన పనియే.

నగ్న తీగె, తొడుగు తీగె

మన కోలారు సీమకు కరెంటు క్రొత్తది కాదు. 1902లో కావేరీ నదిపై శివసముద్రము వద్ద పుట్టించిన విద్యుత్తు సుమారు 90 మైళ్ళు ప్రయాణించి మన బంగారు గనులకు చేరినది. బెంగుళూరు వీధులకు విద్యుద్దీపములు వచ్చినది ఆ తరువాత, 1905లో. ఆ 90 మైళ్ళును నడిచినది స్తంభములపై కట్టిన నగ్నపు తీగెలే. స్తంభముపైనున్న తీగెకు చుట్టును గాలియే తొడుగు. పింగాణీ బుడిపెయే దానికి ఆధారము. కాని అదే కరెంటు గనిలోనికి, తడి రాళ్ళ మధ్యకు, మనుష్యులు తిరుగు సొరంగములలోనికి దిగవలెనన్నచో నగ్న తీగె పనికిరాదు. అచట తొడుగు కావలెను. గనులు 2001లో మూతపడినవి గాని, ఆ పాఠము మాత్రము ప్రతి ఇంటికిని నేటికిని వర్తించును. మనిషి చేయి అందుచోట తీగెకు తొడుగే మన ప్రాణమునకు అడ్డుగోడ.

తీగెలోని అంగములు

లోపల కరెంటును మోయునది వాహకము. అది రాగి గాని, అల్యూమినియము గాని అయియుండును. అల్యూమినియము రాగి మోయు కరెంటులో నూటికి 61 పాళ్ళు మోయగలదు. బరువులో రాగికి మూడవవంతు కన్న తక్కువ. కావున వీధులలోను, భూమి క్రిందను వేయు లావుపాటి కేబుళ్ళకు అల్యూమినియము సరిపోవును. ఇంటిలోపల సన్నని తీగెలకు రాగియే మేలు. అల్యూమినియము సులభముగా విరుగును. మరచీలల క్రింద క్రమముగా వదులై, అచట వేడి పుట్టించును.

వాహకముపై నున్నది విద్యుత్తును వెలికి రానీయని తొడుగు. తీగెలు రెండో, మూడో, నాలుగో కలిపి వానిపై మరల వేయునది పైతొడుగు. భూమిలో పాతవలసిన కేబుళ్ళకు ఈ రెంటికి మధ్య ఉక్కు తీగెలతోగాని, ఉక్కు పట్టీలతోగాని కవచము చుట్టుదురు. గడ్డపార తగిలినను, ఎలుక కొరికినను ఆ కవచము కాచును. ఒక్క జాగ్రత్త: ఒంటి తీగె కేబులుకు ఉక్కు కవచము ఉండరాదు. మన ఇండ్లకు వచ్చు ఎదురుమారు కరెంటు దానిలో పారినపుడు ఉక్కునందు అయస్కాంత ప్రభావము వలన వేడి పుట్టును. అట్టివానికి అల్యూమినియము కవచము వాడుదురు.

తొడుగుల రకములు

మొదటి రకము రబ్బరు. మన వసతిగృహము కట్టిననాడు వేసినది ఇదియే. చెక్క బద్దెలపై రేకు క్లిప్పులతో బిగించిన నల్లని తీగెలను మీరందరు చూచియే యుందురు. రబ్బరు క్రొత్తలో మెత్తగా ఉండును; ఏండ్లు గడచిన కొలది ఎండి, పెళుసై, వంచినచోట పొడిగా రాలును. పైకి నలుపు చెదరదు, లోపల తీగె నగ్నమైయుండును. నేటికిని రబ్బరు జాతి తొడుగులను వెల్డింగు యంత్రములకు, క్రేనులకు, గనులలో ఈడ్చు కేబుళ్ళకు వాడుదురు. ఎన్ని పర్యాయములు వంచినను ఓర్చుకొను గుణము వానికి కలదు.

రెండవది కాగితము. నూనెలో నానిన కాగితమును వాహకముపై చుట్టి, దానిపై సీసపు తొడుగు వేసిన కేబుళ్ళు పట్టణముల క్రింద దశాబ్దములు పనిచేసినవి. చెమ్మ తగిలిన ఆ కాగితము చెడును, అందులకే సీసము.

మూడవది పి.వి.సి. మన ఇండ్లలో అధికముగా నున్నది ఇది. చవక, చెమ్మకు చెడదు, తనంతట తాను సులభముగా మండదు. కాని వాహకపు వేడి 70 డిగ్రీల సెంటిగ్రేడు మించరాదు. ఇంటి తీగెలకు ఐ.ఎస్. 694 అను ప్రమాణము, 1100 వోల్టుల వరకు వాడు బలమైన కేబుళ్ళకు ఐ.ఎస్. 1554 అను ప్రమాణము కలవు.

నాలుగవది ఎక్స్.ఎల్.పి.ఇ. పాలిథిన్ అణువులను ఒండొంటితో ముడివేసి చేసిన తొడుగు ఇది. వల అల్లినట్లు ముడిపడియుండుట చేత వేడికి కరగి జారదు. 90 డిగ్రీల వరకు నిత్యము పనిచేయును. షార్టు సర్క్యూటైన క్షణమున 250 డిగ్రీల వరకు ఓర్చును; సాధారణపు పి.వి.సి. ఓర్చునది 160 మాత్రమే. కావున అదే లావు తీగెతో ఎక్కువ కరెంటు మోయును. మీటరునుండి మేడకు ఎక్కు ప్రధాన కేబులుకును, 11,000, 33,000 వోల్టుల భూగర్భ కేబుళ్ళకును ఇప్పుడు దీనినే వాడుచున్నారు. దీని ప్రమాణము ఐ.ఎస్. 7098. వీధులలో నగ్న తీగెలకు బదులు పెనవేసి కట్టు నల్లని కేబుళ్ళ తొడుగులు కూడ పాలిథిన్ జాతివే.

పొగ సంగతి

సోదరులారా, ఇచట ఒక్క నిమిషము ఆగి వినుడు. మంటలలో మనుష్యులు కాలి చనిపోవుట కన్న పొగలో ఊపిరాడక చనిపోవుట ఎక్కువ. పి.వి.సి.లో క్లోరిను కలదు. అది కాలినపుడు వెలువడు వాయువు కంటి తడిలో, గొంతు తడిలో ఆమ్లమగును. కండ్లు తెరువలేని పిల్లవానికి మెట్లు ఎచట కనబడును?

చుట్టలపై ఎఫ్.ఆర్. అని యుండిన, మంట తీగె వెంట సులభముగా ప్రాకదని భావము. ఎఫ్.ఆర్.ఎల్.ఎస్. అనిన, దానికి తోడు పొగయు తక్కువ అని భావము. అట్టి తొడుగు మండుటకు గాలిలో నూటికి 29 పాళ్ళయినను ఆమ్లజని యుండవలెనని నియమము. మనము పీల్చు గాలిలో నున్నది 21 పాళ్ళే. హెచ్.ఎఫ్.ఎఫ్.ఆర్. అనునది వేరొక జాతి; దానిలో క్లోరిను మొదలగునవి లేవు గనుక ఆ ఆమ్లవాయువు పుట్టదు. ఆసుపత్రులు, పాఠశాలలు, వసతిగృహములు, కల్యాణ మండపములు, అనగా పదిమంది ఒక్కసారిగా మెట్లు దిగవలసిన చోట్లకు ఇదియే తగినది.

లావు ఎంత ఉండవలెను

కరెంటు రెట్టింపైనచో వేడి రెట్టింపు కాదు, నాలుగింతలగును. ఈ ఒక్క మాట గుర్తుంచుకొనిన చాలును. నీళ్ళు కాచు 2,000 వాట్టుల గీజరు 230 వోల్టులపై సుమారు 9 ఆంపియర్లు లాగును. అదే తీగెపై ఇస్త్రీపెట్టె, మిక్సీ కూడ చేరిన లెక్క ఎచటికి పోవునో చూడుడు. నియమిత వేడికి పైన సుమారు 10 డిగ్రీలు పెరిగిన కొలది తొడుగు ఆయువు సగమగునని ఈ వృత్తిలోని వారి లెక్క.

వాడుకలో నున్న మర్యాద ఇది: దీపములకు, ఫ్యానులకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగె. పెద్ద ప్లగ్గులకు 2.5, గీజరుకు, చల్లగాలి యంత్రమునకు 4, ఇంటికి వచ్చు ప్రధాన తీగెకు అంతకు మించినది, మొత్తము లెక్కనుబట్టి.

దూరము కూడ చూడవలెను. ఇంటికి 100 మీటర్ల దూరమున తోటలో ఒక మోటారు 10 ఆంపియర్లు తీసికొనుచున్నదనుకొనుడు. పోవు తీగె, వచ్చు తీగె కలిపి 200 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగె వేసిన దారిలోనే 15 వోల్టులు పోవును. 150 వాట్టులు వేడిగా నశించును. అదే లావు అల్యూమినియమైన 24 వోల్టులు పోవును. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వేసిన నష్టము 6 వోల్టులే. తీగెలో మిగుల్చుకొన్న డబ్బును ప్రతి నెల బిల్లులో కట్టుచున్నామన్నమాట.

చోటునుబట్టి కూడ కేబులు మారును. బోరుబావిలోనికి చదునైన మూడు తీగెల కేబులు దిగును. మేడపై సూర్యఫలకములకు ఎండను ఓర్చు రెండు పొరల తొడుగు గల ప్రత్యేకపు కేబులు కలదు. ఇంటి తీగెను అచట ఎండలో వేసిన కొలది యేండ్లకే బీటలు వారును. భూమిలో పాతు 1100 వోల్టుల లోపు కేబులు 75 సెంటీమీటర్ల లోతున, ఇసుక పరుపుపై ఉండవలెను. పైన ఇటుకలు పరచిన, ముందుముందు త్రవ్వువానికి అదియే హెచ్చరిక. దానిని తన లావునకు సుమారు 12 రెట్ల వ్యాసార్ధము కన్న ఇరుకుగా వంచరాదు.

మంచి తీగెను గుర్తించుట

తీగె ధరలో అధికభాగము రాగిదే. కావున మరీ చవకగా దొరకు తీగెలో తగ్గినది రాగియే. 2.5 చదరపు మిల్లీమీటర్లు, 90 మీటర్లు గల చుట్టలో రాగి ఒక్కటే సుమారు 2 కిలోలుండవలెను. తొడుగుతో కలిపియు చుట్ట 2 కిలోలు తూగనిచో దానిని తిరిగి యిచ్చివేయుడు. కొన్నిటిలో అల్యూమినియముపై రాగి పూత మాత్రమే ఉండును. తీగెను కోసి, కొనను గీకి చూచిన తెల్లగా బయటపడును. ఐ.ఎస్.ఐ. ముద్ర, దాని క్రింద అనుమతి సంఖ్య ఉండవలెను. ఆ సంఖ్య నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో మీ మనుమడు క్షణములో చూచి చెప్పగలడు. నా అంగడిలో కొనినను ఈ పరీక్షలన్నియు చేసియే కొనుడు. వర్తకునికి అది అవమానము కాదు.

రంగులు మరువరాదు. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. మిగిలిపోయిన ముక్క గదా యని ఎర్తుకు ఎర్రతీగె వేసిన, పదేండ్ల తరువాత బోర్డు విప్పిన పనివాని ప్రాణము పోవచ్చును.

మన ముందున్న నిర్ణయము

కొందరు పెద్దలు అడుగుచున్నారు: "దీపములు వెలుగుచునే యున్నవి గదా, ఇప్పుడు త్రవ్వి పోయుట ఎందులకు?" వారి మాట త్రోసివేయదగినది కాదు, సంఘ నిధి రూపాయి రూపాయిగా చేరినది. కాని దీపము వెలుగుట వాహకము బాగున్నదనుటకు గుర్తు. తొడుగు బాగున్నదనుటకు గుర్తు కాదు. ఆ తీగెలు వేసిననాడు గదికి ఒక దీపము, ఒక ఫ్యాను. నేడు అదే తీగెపై గీజరు, నీళ్ళ మోటారు, ఇరువది ఛార్జర్లు. తీగెలు వృద్ధములైనవి, బరువు పెరిగినది.

మరికొందరు తక్కువ ధర జాబితానే అంగీకరింతమనుచున్నారు. అందులో తీగె రకము వ్రాసియుండలేదు, ఎర్తు తీగె ప్రసక్తియే లేదు. నేను కోరునది ఇంతే. మొదట అర్హుడైన ఇంజనీరుచే లెక్క వేయింతము. మీటరునుండి ప్రధాన బోర్డువరకు కవచము గల ఎక్స్.ఎల్.పి.ఇ. కేబులు, గదులలోను మెట్ల దారిలోను హెచ్.ఎఫ్.ఎఫ్.ఆర్. రాగి తీగె, ప్రతి ప్లగ్గుకు ఎర్తు, తీగె శక్తికి మించని ఎం.సి.బి., 30 మిల్లీ ఆంపియర్ల కారుటను కనిపెట్టి ఆపు ఆర్.సి.సి.బి. ఉండవలెనని నియమము వ్రాసి, దానిపై ధరలు పిలుతము. ఒకే సరుకుపై వచ్చిన ధరలలో తక్కువది నిజముగా తక్కువ.

నిధి చాలనిచో రెండు విడతలుగా చేయుదము. మొదటి విడత పిల్లలు పరుండు గదులు, మెట్ల దారి. సభామందిరపు రంగులు, తోరణద్వారము మరియొక యేడు ఆగవచ్చును. ఊళ్ళనుండి తల్లిదండ్రులు మనలను నమ్మి పిల్లలను పంపినారు. గోడలోని తీగెను వారు చూడరు, చూడలేరు. వారి తరఫున చూడవలసినవారము మనము.

 సందేహములున్నవారు సభానంతరము అడుగవచ్చును. సెలవు.