ఏ రిజిస్టర్‌లో రాస్తాం ఈ దగ్గును?

ఈ రోజు నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న బిడ్డలారా, ఒక రోజు మస్టర్ (హాజరు) వదులుకుని వచ్చిన తల్లిదండ్రులారా!

రేపు మీలో కొందరు బస్తీ దవాఖానల్లో చేరతారు. మన బొగ్గు ఊరు రామగుండం ఆరోగ్యం ఎట్లుందని జిల్లా అధికారులు అడిగితే జవాబు మీ రిజిస్టర్ల నుంచే వెళ్తుంది. నిబంధనల ప్రకారం గని కార్మికుడికి నిర్ణీత కాలానికోసారి వైద్య పరీక్ష జరగాలి. ఆ ఫైలు సింగరేణి ఆసుపత్రిలో ఉంటుంది. మిగతా జనాన్ని ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి రాసుకుంటుంది. మరి ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి తోలే కాంట్రాక్టు డ్రైవర్? ఆ నిబంధన అతనికీ వర్తిస్తుంది. కాంట్రాక్టరు మారితే పాత ఎక్స్‌రే మాత్రం అతని వెంట నడిచి రాదు. బొగ్గు దుమ్ము జబ్బు బాయి పని మానేసిన ఏండ్లకు కూడా బయటపడవచ్చు. అప్పటికి మనిషి రిటైరై సొంతూరికి పోయి ఉంటాడు.

ఇంకో సంగతి మీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తండ్రి ‘మెడికల్ అన్‌ఫిట్’ అని కంపెనీ వైద్య బోర్డు తేలిస్తే మన ఇళ్లలో కొడుక్కి ఉద్యోగం. బోర్డు ముందు నిలబడిన తండ్రికి తన ఊపిరితో పాటు ఇంటి బతుకుదెరువూ పరీక్షకు వచ్చినట్టే. మరోవైపు, కూలి పోతుందని దగ్గును దాచుకునే కాంట్రాక్టు మనిషి. కాబట్టి బోర్డు లెక్కను ఊరి రోగాల లెక్కగా చదవకండి. ఆ తండ్రినీ, ఈ కాంట్రాక్టు మనిషినీ తప్పుపట్టకండి కూడా.

మరి ఊరి లెక్క ఎట్లా తీయాలి? వేల్స్‌లోని గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గు ఊళ్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టర్ దవాఖానకు వచ్చినవాళ్లతో ఆగలేదు. ఊళ్లోని పెద్దవాళ్లలో దాదాపు అందరి బీపీ కొలిచాడు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే అది తక్కువగా దొరుకుతుందని 1971లో రాసింది ఆయనే.

మన దగ్గరా అందుకు దారి ఉంది. 30 ఏళ్లు దాటినవాళ్ల కోసం ఆశాలు నింపే, జబ్బుల ముప్పు పసిగట్టే సీబ్యాక్ ఫారంలో పొగాకు, నడుము కొలతలతో పాటు పొగ, దుమ్ము పనుల గురించీ ఒక ప్రశ్న ఉంది. ఆశాతో పాటు వెళ్లినప్పుడు అక్కడ టిక్కు పెట్టి పక్కింటికి పోకండి. ఏ బాయి, ఎన్నేండ్లు, బొగ్గు నింపే కోల్ ఫిల్లరా, పేలుళ్లు జరిపే షాట్‌ఫైరరా అని అడగండి. రాతి దుమ్ము పీల్చినవాడికి టీబీ ముప్పు ఎక్కువ. ఆ ఒక్క జవాబుతో ఎవరికి ముందు కళ్లె పరీక్ష చేయించాలో తెలుస్తుంది.

లెక్క పైకి పంపే ముందు బస్తీలోని మహిళా ఆరోగ్య సమితిలో చదివి వినిపించండి. ఏ ఇల్లు తప్పిపోయిందో అక్కడి ఆడవాళ్లు చెబుతారు. మళ్లీ ఆ ఇంటికి వెళ్లి రాసుకోండి.