పెద్దాయన్ను అడిగారా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆసుపత్రుల్లో తరచూ కనిపించే దృశ్యమిది. ఎనభై ఏళ్ల తండ్రికి ఊపిరి అందడం లేదు. కొడుకు చేతిలో పెన్ను వణుకుతోంది. వెంటిలేటర్ పెట్టించాలా, హైదరాబాద్ తీసుకెళ్లాలా, ఇంటికి తీసుకుపోవాలా? స్ట్రెచర్ మీద పెద్దాయన స్పృహలోనే ఉన్నారు. ఆయన్ను మాత్రం ఎవరూ అడగరు. నన్ను కలచివేసేది అదే.

కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాలతో ప్రాణం నిలపవద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023లో పద్ధతిని సులువు చేసింది: ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. అమలుకు రెండు వైద్య బోర్డులు ఒప్పుకోవాలి.

ఈ సాయంత్రం మీ అమ్మానాన్నల పక్కన కూర్చుని, వాళ్లకేం కావాలో అడగండి.