జింకు మిగిల్చేది ఎక్కడికి పోతుంది?

(తెలుగు నివాసుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇంటి రేకులను, నీటి గొట్టాలను తుప్పు నుండి కాపాడేది వాటిపై ఉన్న జింకు పూత. మన పెద్దలు దీనినే తుత్తునాగం అన్నారు. విశాఖపట్నంలో 1977లో మొదలై 2012లో మూతపడిన జింకు కర్మాగారం మనలో అనేకులకు తెలిసినదే. లోహం మన ఇంటికి వచ్చింది. దానిని తీసినచోట మిగిలినది ఏమైందన్నదే నేటి విషయం.

ఖనిజాన్ని కాల్చినప్పుడు వెలువడే గంధకపు వాయువును గంధకామ్లంగా మారుస్తారు. కాల్చిన ఖనిజాన్ని ఆ ఆమ్లంలోనే కరిగిస్తారు. జింకుతోపాటు కరిగిన ఇనుమును వేరుచేసినప్పుడు పసుపుపచ్చని బురద మిగులుతుంది. దాని పేరు జారోసైట్. అందులో సీసం, కాడ్మియం వంటి విషలోహాలు కొంత ఉంటాయి. ఆరుబయట పోస్తే వాననీటితో అవి భూగర్భజలాన్ని చేరగలవు.

అందుచేత దానికి సున్నం, సిమెంటు కలిపి గట్టిపరుస్తారు. జారోఫిక్స్ అనే ఈ పద్ధతి కెనడాలో రూపొందింది. రాజస్థాన్‌లోని చందేరియా కర్మాగారం దానిని స్వీకరించింది. అట్లు గట్టిపడిన పదార్థాన్ని రహదారి కట్టలకు వాడే విషయమై మన దేశంలో పరిశోధనలు జరిగాయి. మరొక మార్గంలో అవశేషాన్ని తీవ్రమైన వేడికి గురిచేసి, జింకును, సీసాన్ని ఆవిరిగా లేపి పట్టుకుంటారు. తక్కినది గాజువంటి చిట్టెంగా మిగులుతుంది.

ఇది దూరప్రాంతపు ముచ్చట కాదు. ఇనుముకు జింకు పూత పూసే కార్ఖానాలు నగరాల పారిశ్రామిక వాడలలోనూ ఉన్నాయి. కరిగిన జింకుపై బూడిద తేలుతుంది. అడుగున మడ్డి పేరుకొంటుంది. వాటిలో జింకు మిక్కుటం. వాటిని శుద్ధిచేసి, వరిపొలంలో జింకు లోపానికి మన రైతులు చల్లే జింకు సల్ఫేటును తయారుచేయవచ్చును. అయితే శుద్ధి సరిగా జరగనిచో సీసం కూడా పొలానికి చేరుతుంది. అందుకే ఆ ఎరువులో సీసానికి ప్రభుత్వం పరిమితి విధించింది.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమావళి ప్రకారం ఇటువంటి అవశేషాలను అనుమతి పొందినవారికే అప్పగించాలి. సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచరాదు. రవాణాకు పత్రం తప్పనిసరి.

అనువాదకునిగా నేను ఇక్కడ ‘చెత్త’ అనే మాటను వాడను. చెత్త అనగానే తొట్టి గుర్తుకు వస్తుంది. ఇది తొట్టిలోనిది కాదు, కాలువలోనిదీ కాదు. శుద్ధి జరిగితే సంపద, జరగకుంటే విషం.

కావున ఒక మనవి. ఇంటి పునాది నింపుకొనుటకు ఎవరైనా ఊరకనే మట్టి తోలిస్తామంటే, అది ఎక్కడిదో అడగండి. కార్ఖానా బూడిదతో గిన్నెలు తోమకండి. అక్కడ పనిచేసేవారు పనిబట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు. అనుమానం కలిగితే కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయండి. ఈ ఊరి భాష రాదన్న సంకోచంతో మౌనం వహించవద్దు. మనమంతా తాగేది ఈ నేలలోని నీరే.