పందెం ఎవరిది, పణం ఎవరిది?

(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికలప్పుడు పార్టీల ముందు ఏ డిమాండ్లు పెట్టాలో తేల్చుకోవడానికి మనం ఇక్కడ కూచున్నాం. కూలి రేట్లు, భూమి పట్టాలు, ఆసుపత్రులు, మద్యం, అన్నీ జాబితాలోకి వచ్చాయి. జూదం మాత్రం రాలేదు. అది మగవాళ్ళ వ్యసనమనీ, పోలీసులు చూసుకునే వ్యవహారమనీ మనం పక్కన పెట్టేస్తున్నాం. మనం పక్కన పెట్టినదాన్ని వేరేవాళ్ళు ఎత్తుకున్నారు. "ఎలాగూ ఆడుతున్నారు కదా, అనుమతి ఇచ్చేస్తే పోలా" అనే మాట ఊళ్ళలోంచే వస్తోంది. కోడిపందేల బరులు వేసేవాళ్ళు, పేకాట క్లబ్బుల వాళ్ళు, వాళ్ళ వెనక స్థానిక నాయకులు ఈ మాట అంటున్నారు. ఓట్లు అడిగే సమయంలో ఇలాంటి కోరికలకి బలం ఎక్కువ. దీనిమీద స్త్రీల వైపు నుంచి మన వైఖరి ఏమిటో చెప్పుకోవాల్సిన అవసరం వుంది.

ముందు చట్టం ఎక్కడుందో చూద్దాం. మన రాష్ట్రంలో జూదాన్ని నిషేధించే చట్టం 1974 నాటిది. నైపుణ్యంతో ఆడే ఆటలకి ఆ చట్టం వర్తించదు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు 1960ల చివర్లోనే చెప్పింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు చాలాకాలం ఆ తీర్పునే కవచంగా వాడుకున్నాయి. 2020లో రాష్ట్ర ప్రభుత్వం 1974 చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపేవాళ్ళకి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా వుంటాయి. ఆడినవాళ్ళకి శిక్ష లేదు.

అంటే కాగితం మీద నిషేధం గట్టిగానే వుంది. అయినా చట్టబద్ధం చెయ్యమనే వాదన ఆగలేదు. ఆ వాదన మూడు రూపాల్లో వస్తోంది. ఒకటి ఆచారం, రెండోది నైపుణ్యం, మూడోది ఆదాయం.

ఆచారం మాట కోడిపందేల దగ్గర ఎక్కువ వింటాం. జల్లికట్టు కోసం తమిళనాడు 2017లో చట్టం మార్చుకుంది, సుప్రీంకోర్టు 2023లో దాన్ని సమర్థించింది, మరి మన కోళ్ళేం పాపం చేశాయి అంటారు. 2016 డిసెంబరులో అప్పటి ఉమ్మడి హైకోర్టు కోడిపందేల్ని అరికట్టమని ఆదేశించినా ఆ తర్వాతి సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో బరులు లేచాయి. ప్రజాప్రతినిధులే దగ్గరుండి చూసిన సందర్భాలు పత్రికల్లో చదివాం. బరి దగ్గర ఆచారం అనదగింది కోడి ఒక్కటే. దాని చుట్టూ గుండాట, పేకాట, మద్యం అమ్మకం, అప్పులిచ్చేవాళ్ళు చేరతారు. ఆచారం గురించి మాట్లాడేవాళ్ళు కథ మొత్తం చెప్పాలి. పల్నాటి కథలో కోడిపందెం ఓడినవాళ్ళు ఊరొదిలి పోవాల్సి వచ్చింది, చివరికి అది యుద్ధానికి దారి తీసింది. భారతంలో ద్రౌపది నిండు సభలో అడిగింది న్యాయసంబంధమైన ప్రశ్న. తనని తానే ఓడిపోయినవాడికి నన్ను పణంగా పెట్టే హక్కు ఎక్కడిది అని. ఆ సభలో పెద్దలెవరూ తిన్నగా జవాబు చెప్పలేదు. మన ఇళ్ళలో ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే వుంది.

నైపుణ్యం వాదన కోర్టులకి పనికొస్తుంది, ఇంటికి పనికిరాదు. భర్త కూలిడబ్బు నైపుణ్యం వున్న ఆటలో పోగొట్టాడా, అదృష్టం మీద నడిచే ఆటలో పోగొట్టాడా అన్న తేడా బియ్యం డబ్బాకి తెలియదు.

మూడోది ఆదాయం. ఇదే అన్నిటికంటె ప్రమాదకరమైన వాదన, ఎందుకంటే ఇది మన పేరు చెప్పుకుని వస్తుంది. జూదం మీద పన్ను వేసి పిల్లల చదువులకి, ఆసుపత్రులకి ఖర్చు పెడతామంటారు. కేరళ ప్రభుత్వం 1967 నుంచి తానే లాటరీ నడుపుతోంది. కారుణ్య లాటరీ పేరుతో పేదల వైద్యానికి సాయం చేసింది. అది నిజమే. అయితే ఆ టిక్కెట్లు కొనేది ఎవరు, ఎవరి జేబులోంచి ఆ వైద్యానికి డబ్బు వస్తోంది అని అడగాలి. అమెరికాలో అలబామా అనే రాష్ట్రంలో 1998లో డాన్ సీగల్‌మన్ లాటరీ పెట్టి చదువులకి డబ్బు తెస్తానని చెప్పి గవర్నరుగా గెలిచాడు. మరుసటి ఏడు అక్టోబరులో ఆ ఒక్క విషయం మీదే ప్రజల ఓటు తీసుకుంటే జనం వద్దన్నారు. నాయకుడిని గెలిపించినంత మాత్రాన అతని ప్రతి వాగ్దానానికీ ఒప్పుకున్నట్టు కాదన్నమాట. మనకి అలా విడిగా ఓటు వేసే అవకాశం లేదు. అందుకే ఎన్నికల ముందే అడగాలి.

ప్రభుత్వం ఆదాయం రుచి మరిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం అమెరికా దాకా పోనక్కర్లేదు. మద్యం చరిత్ర చాలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. సంపూర్ణ మద్యనిషేధం తెస్తానని ఎన్టీ రామారావు 1994 ఎన్నికల్లో మాట ఇచ్చారు, 1995 జనవరిలో అమలు చేశారు. 1997లో దాన్ని ఎత్తేశారు. ఖజానా ఖాళీ అయిందన్నదే ముఖ్యంగా చెప్పిన కారణం. 2019లో దశలవారీ నిషేధం అని చెప్పి గెలిచిన ప్రభుత్వం దుకాణాలు తన చేతుల్లోకి తీసుకుని ధరలు పెంచింది. 2022లో బేవరేజెస్ కార్పొరేషన్ మద్యం ఆదాయాన్ని చూపించి బాండ్ల మీద 8 వేల కోట్ల రూపాయలకి పైగా అప్పు తెచ్చింది. నిషేధిస్తానన్న వస్తువు అమ్మకాల్నే ఏళ్ళ తరబడి తాకట్టు పెట్టడం ఇది. 2024 ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీ తక్కువ ధరకి నాణ్యమైన మద్యం ఇస్తామని చెప్పింది. గెలిచాక అక్టోబరులో 3,396 దుకాణాల్ని ప్రైవేటు వాళ్ళకి ఇచ్చారు. ఒక్కో దరఖాస్తుకి తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షలు. దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్క సీసా అమ్మకముందే సుమారు 1,800 కోట్లు వచ్చాయి. దుకాణం ఎవరికో లాటరీ తీసి తేల్చారు. క్వార్టరు 99 రూపాయలకి దొరికింది.

ఇందులో ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అనే చర్చకి నేను దిగడం లేదు. నిషేధిస్తామన్నవాళ్ళూ, చవగ్గా ఇస్తామన్నవాళ్ళూ చివరికి ఒకే ఆదాయం మీద కూచున్నారు. ప్రభుత్వం ఒకసారి వాటాదారు అయ్యాక నియంత్రణ అనేది మాటగానే మిగులుతుంది. రేపు జూదానికి లైసెన్సు ఇచ్చినా ఇదే జరుగుతుంది.

ఇప్పుడు మన రెండు జిల్లాల సంగతికి వద్దాం. ఇక్కడి నుంచి వలస వెళ్ళేవాళ్ళు లక్షల్లో వున్నారు. హైదరాబాదు, చెన్నై, విశాఖ కట్టడాల పనికి, గుజరాత్ తీరంలో చేపలవేటకి వెళతారు. వాళ్ళంతా ఇంటికి వచ్చే పండగ సంక్రాంతి. ఏడాది కూలిడబ్బు ఇంటికి చేరేదీ, బరులు లేచేదీ ఆ మూడు రోజుల్లోనే. మిగతా రోజుల్లో ఆ డబ్బు ఫోన్లో వస్తుంది, ఆటా ఫోన్లోనే వుంటుంది. పేకాటకి చెట్టుకిందికి పోయే రోజుల్లో కనీసం ఎక్కడున్నాడో భార్యకి తెలిసేది. ఇప్పుడు పక్కనే పడుకుని ఓడిపోతున్నాడు, అప్పులవాడు గుమ్మంలో నిలబడేదాకా ఆమెకి తెలియడం లేదు.

ఇక్కడ మనం జాగ్రత్తగా చూడాల్సిన విషయం ఒకటి వుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. పందెంలో గెలిచినవాడు కోర్టుకి పోయి ఆ డబ్బు వసూలు చేసుకోలేడు. పాత హిందూ ధర్మశాస్త్రం కూడా తండ్రి జూదం అప్పు కొడుకులు తీర్చనక్కర్లేదనే చెప్పింది. మరి ఈ చెల్లని అప్పు ఎలా తీరుతోంది? భార్య మెడలోని పుస్తెలతాడు బ్యాంకులో తాకట్టుకి వెళుతుంది. డ్వాక్రా సంఘంలో ఆమె పేరు మీద అప్పు తీస్తారు. మైక్రోఫైనాన్స్ కాగితం మీద ఆమె వేలిముద్ర పడుతుంది. ఆ క్షణంలో చట్టం గుర్తించని అప్పు, చట్టం పూర్తిగా గుర్తించే అప్పు అయిపోతుంది. అదీ ఆమె పేరు మీద. వాయిదా తప్పితే సంఘంలో మాట పడేది ఆమె. మిగతా సభ్యుల పొదుపుకి కూడా ఇబ్బందే.

జూదాన్ని చట్టబద్ధం చెయ్యాలా వద్దా అని బయట చర్చ జరుగుతోంది. ఇళ్ళలో అది ఇప్పటికే చట్టబద్ధం అవుతోంది, మన సంతకంతో. 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం వున్నాయి. ఇక్కడి స్త్రీలు పాతికేళ్ళుగా రూపాయి రూపాయి కూడబెట్టి సంపాదించిన పరపతి అది. ఆ పరపతే ఇవాళ పణంగా మారుతోంది. 2015 డిసెంబరులో బయటపడ్డ విజయవాడ కాల్‌మనీ వ్యవహారం గుర్తుంది కదా. అప్పు తీర్చలేని ఇళ్ళలో ఆడవాళ్ళ మీద ఎలాంటి ఒత్తిడి వస్తుందో అప్పుడు రాష్ట్రమంతా చూసింది.

అయితే నిషేధమే మందు అని కూడా నేను అనను. పోలీసులు దాడి చేసి పదిమంది కూలీల్ని పట్టుకుంటే జరిమానా కట్టేదీ, జామీను కోసం తిరిగేదీ మళ్ళీ ఆడవాళ్ళే. 2020 సవరణ ఆడినవాళ్ళకి కూడా 6 నెలల వరకు జైలు పెట్టింది. ఆట నడిపించినవాడు పట్టుబడకుండా ఆడినవాడు మాత్రమే పట్టుబడితే ఇంటికి రెండు నష్టాలు. మనది నీతుల గొడవ అని కొందరు మిత్రులు అంటారు. ఎవరి సొంత సంపాదన వాళ్ళేం చేసుకుంటారన్నది నా ప్రశ్న కాదు. ఇంట్లో ఇద్దరి కష్టాన్ని ఒకరు రెండోవారిని అడక్కుండా పణం పెడుతున్నారు. అంగీకారం లేకుండా తీసుకోవడాన్ని మనం మిగతా చోట్ల ఏమంటామో ఇక్కడా అదే అనాలి.

దానికి చట్టంలో పేరు కూడా వుంది. 2005 గృహహింస చట్టం ఆర్థిక హింసని హింసగా గుర్తించింది. ఇంటి ఖర్చుకి డబ్బు ఇవ్వకపోవడం, స్త్రీధనాన్నీ ఇంటి సామాన్లనీ అమ్మెయ్యడం అందులోకి వస్తాయి. ఆస్తులు అమ్మకుండా, ఉమ్మడి బ్యాంకు ఖాతా వాడకుండా మేజిస్ట్రేటు ఆదేశం ఇవ్వవచ్చు. పోషణకి డబ్బు ఇప్పించవచ్చు. స్త్రీధనం మీద పూర్తి హక్కు స్త్రీదేనని ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. తాను సంతకం పెట్టని, పూచీ పడని భర్త అప్పుకి భార్య సొంతంగా బాధ్యురాలు కాదు. ఈ మాట ప్రతి సంఘంలోనూ చెప్పాలి. దెబ్బలు తగిలితేనే గృహహింస అని మన కార్యకర్తలు కూడా అనుకుంటున్నారు. జూదం కేసుల్లో ఈ చట్టాన్ని వాడడం మనం నేర్చుకోవాలి.

అభ్యర్థుల ముందు పెట్టడానికి నా వైపు నుంచి నాలుగు మాటలు ప్రతిపాదిస్తున్నాను. మీరు చర్చించి మార్చండి.

మొదటిది, ఏ రూపంలోనూ జూదం మీద ప్రభుత్వం ఆదాయం తీసుకోకూడదు. చదువులకీ వైద్యానికీ డబ్బు కావాలంటే వున్నవాళ్ళ మీద పన్ను వెయ్యండి.

రెండోది, కేసులు ఆట నడిపించేవాళ్ళ మీద, స్థలం ఇచ్చేవాళ్ళ మీద, వడ్డీకి తిప్పేవాళ్ళ మీద పెట్టండి. కూలివాడిని పట్టుకుని లెక్క చూపించడం ఆపండి.

మూడోది, జూదంలో ఇంటి డబ్బు పోయిందని భార్య ఫిర్యాదు చేస్తే రక్షణాధికారి దాన్ని ఆర్థిక హింసగా నమోదు చెయ్యాలి. "మీ ఆయన్ని మీరే చూసుకోండి" అని పంపెయ్యకూడదు.

నాలుగోది అభ్యర్థికి నేరుగా వేసే ప్రశ్న. వచ్చే సంక్రాంతికి నువ్వు బరి దగ్గరికి వెళతావా, వెళ్ళవా? జవాబు ఊరి ముందు చెప్పమనాలి.

ఇక మన సంఘాల్లో మనమే చేసుకోవాల్సిన పని ఒకటి మిగిలింది. అప్పు అడిగిన సభ్యురాలిని ఎందుకని అడుగుతాం, ఆమె పిల్లల ఫీజు అంటుంది, మనం రాసుకుంటాం. అది నిజం కాదని చాలాసార్లు అందరికీ తెలుసు. ఆమె నిజం చెప్పడానికి భయపడని పరిస్థితి సంఘంలో రావాలి. "ఇది నా కోసం కాదు, నేను సంతకం పెట్టలేను" అని ఆమె అనగలిగితే సంఘం మొత్తం ఆమె వెనక నిలబడాలి. ఆనాడు సారా వేలంపాటల్ని ఆపించింది ఒక్కో ఊళ్ళో కూడిన ఆడవాళ్ళే. ఇప్పుడు మన ముందున్నది వేలంపాట కాదు, అప్పు కాగితం. దానిమీద సంతకం మనది కాబట్టి, పెట్టకుండా వుండే హక్కూ మనదే.